ఎక్స్‌ఎంఎల్ పాఠం: ట్రయల్ బ్యాలెన్స్ కలిసినా తప్పు మిగలవచ్చు



నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. మహదేవపురలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఇంత మంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులున్న చోట ఎక్స్‌ఎంఎల్ గురించి నేను చెప్పడమేమిటని మీకు అనిపించవచ్చు. కానీ వోచర్లు సరిచూస్తూ బతికినవాడికి ఇది పరిచయమున్న పనే.

ఎక్స్‌ఎంఎల్ అంటే ఎక్స్‌టెన్సిబుల్ మార్కప్ లాంగ్వేజ్. సమాచారంలోని ప్రతి భాగానికీ పేరు తగిలించి, ఒక కంప్యూటరు నుంచి మరోదానికి పంపే పద్ధతి. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 1998 ఫిబ్రవరి 10న దీన్ని ప్రమాణంగా ప్రకటించింది. మన రిజర్వు బ్యాంకు 2013 అక్టోబరులో ప్రారంభించిన కొత్త ఆర్‌టీజీఎస్‌లో సందేశాలు ఐఎస్ఓ 20022 ప్రకారం ఈ రూపంలోనే నడుస్తాయి.

ఒక ఉదాహరణ చూడండి. ట్యాగుల పేర్లు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు.

<దరఖాస్తు>
<పేరు>లక్ష్మి</పేరు>
<మార్కులు గరిష్ఠం="625">540</మార్కులు>
</దరఖాస్తు>

మొదటి పరీక్ష: రాత పద్ధతి. దీన్ని వెల్‌ఫార్మ్‌డ్ అంటారు. నియమాలు ఇవి:

1. అన్నిటినీ తనలో ఇముడ్చుకునే పెద్ద ట్యాగు ఒక్కటే ఉండాలి. ఇక్కడ అది దరఖాస్తు.
2. తెరిచిన ప్రతి ట్యాగునూ మూయాలి. లోపలిది మూశాకే బయటిది మూయాలి.
3. ట్యాగు పేరులో ఖాళీ ఉండకూడదు, పేరు అంకెతో మొదలుకాకూడదు.
4. గరిష్ఠం వంటి అదనపు వివరం విలువను కొటేషన్ గుర్తుల మధ్య రాయాలి.
5. తండ్రిగారి దుకాణం పేరులో & ఉంటే నేరుగా రాయకూడదు. ఆ గుర్తు తర్వాత ఏ, ఎం, పీ అనే చిన్న ఇంగ్లీషు అక్షరాలు, సెమికోలన్ చేర్చాలి.

వీటిలో ఏది తప్పినా కంప్యూటరు ఫైలును అక్కడే ఆపేస్తుంది.

రెండో పరీక్ష: నమూనాతో పోలిక. ఏ గడి తప్పనిసరి, ఏది ముందు, ఎక్కడ అంకెలే ఉండాలి అన్నవి స్కీమా అనే మరో పత్రంలో ఉంటాయి. దానికి సరిపోతేనే ఫైలు వాలిడ్. మార్కుల గడిలో "ఐదువందల నలభై" అని అక్షరాల్లో రాస్తే మొదటి పరీక్ష నెగ్గుతుంది, రెండోది నెగ్గదు. అలాగే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో 11 స్థానాలుంటాయి, ఐదోది సున్నా. అక్కడ ఇంగ్లీషు ఓ అక్షరం కొడితే స్కీమా పట్టుకోగలదు, ఆ నియమం ముందుగా అందులో రాసి ఉంటే.

ఇక మూడో పరీక్ష. కొన్నేళ్ల కిందట విద్యార్థుల ఖాతా వివరాలు ఇలాంటి ఫైలులో ఎక్కించే పని నాకు అప్పగించారు. ఒక అమ్మాయి ఖాతా నంబరులో రెండంకెలు అటుదిటు కొట్టాను. అంకెల లెక్క సరిపోయింది కనుక ఫైలు రెండు పరీక్షలూ నెగ్గింది. అలాంటి ఖాతా లేక డబ్బు తిరిగి వచ్చేసింది. ఈలోగా ఫీజు గడువు దగ్గరపడి, వాళ్ల నాన్నగారు చేబదులు తెచ్చి కట్టారు. వాళ్లింటికి వెళ్లి తప్పు నాదేనని చెప్పుకున్నాను. ఆయన ఏమీ అనలేదు, నాకే తల ఎత్తబుద్ధి కాలేదు.

కామర్స్ విద్యార్థులకు ఇది తెలిసిన సంగతే. ఒకరి పద్దు మరొకరి ఖాతాలో రాసినా ట్రయల్ బ్యాలెన్స్ కలుస్తుంది. ఎక్స్‌ఎంఎల్‌లో వాలిడ్ కావడమూ అంతే. కంప్యూటరు రూపం చూస్తుంది, నిజం మనమే చూసుకోవాలి.

విద్యార్థులకు చిన్న అభ్యాసం: మీ మార్కుల పట్టీని పై పద్ధతిలో నోట్‌ప్యాడ్‌లో రాసి, యూటీఎఫ్-8లో, ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా భద్రపరచి బ్రౌజరులో తెరవండి. తర్వాత ఒక మూసే ట్యాగు తీసేసి మళ్లీ తెరవండి. తప్పు ఏ వరుసలో ఉందో సాధారణంగా అదే చూపిస్తుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి: ఈసారి దరఖాస్తు పంపే ముందు ఒకరు పాస్‌బుక్కు పట్టుకుని అంకె అంకె పైకి చదవండి, ఒకరు తెర మీద సరిచూడండి. రెండు నిమిషాల పని. ఆ రోజు నేను చేయనిది అదే.