కెర్నెల్ నెట్‌వర్కింగ్: గ్రాంట్ కంటే ముందు ప్యాచ్

సీ భాష మీద పట్టు, నెట్‌వర్క్‌లంటే ఆసక్తి ఉన్న ఇంజినీరింగ్ విద్యార్థులకు క్యాంపస్ ప్లేస్‌మెంట్ ఒక్కటే దారి కాదు. లైనక్స్ కెర్నెల్ పనిలో ఎక్కువ భాగం ఇంటెల్, రెడ్ హ్యాట్, గూగుల్ వంటి కంపెనీల ఇంజినీర్లదే. కంపెనీలకు వెంటనే లాభం కనిపించని ఫీచర్లకు మాత్రం చాలాసార్లు విరాళాలు, ఫౌండేషన్ల గ్రాంట్లే ఆధారం. ఆ పనిలోకి రావాలనుకుంటే దాని తీరు ముందే తెలుసుకోవాలి.

వైర్‌గార్డ్ నేర్పే పాఠం

జేసన్ డోనెన్‌ఫెల్డ్ రూపొందించిన వీపీఎన్ వైర్‌గార్డ్‌కు విరాళాలు అండగా నిలిచాయి. నెదర్లాండ్స్‌లోని ఎన్‌ఎల్‌నెట్ ఫౌండేషన్ కూడా సాయపడింది. కోడ్ 2018లోనే సమీక్షకు వెళ్లినా, కెర్నెల్‌లో చేరింది 2020 మార్చిలో వచ్చిన 5.6 వెర్షన్‌తో. పెద్ద చిక్కు వచ్చింది నెట్‌వర్కింగ్ కోడ్‌తో కాదు, దాంతోపాటు పంపిన జింక్ అనే క్రిప్టో లైబ్రరీతో. కెర్నెల్‌లో క్రిప్టో వ్యవస్థ ఉండగా మరొకటి ఎందుకన్న చర్చ చాలాకాలం నడిచింది. రాజీ కుదిరాకే పని ముందుకు సాగింది. అందుకే గ్రాంట్ అడిగేటప్పుడు సమీక్షకు పట్టే కాలాన్నీ లెక్కలో వేసుకోవాలి. లేదంటే డబ్బు అయిపోతుంది, పని మిగులుతుంది.

అవకాశాలు ఇవీ

- ఔట్‌రీచీ: టెక్ రంగంలో ప్రాతినిధ్యం తక్కువగా ఉన్నవారికి మూడు నెలల ఇంటర్న్‌షిప్. స్టైపెండ్ 7,000 డాలర్లు. లైనక్స్ కెర్నెల్ ఇందులో పాల్గొంటూ వచ్చింది. దరఖాస్తు సమయంలో చేసిన పనిని చూసే ఎంపిక చేస్తారు.
- గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్: 2005లో మొదలైంది. 2022 నుంచి విద్యార్థులు కానివారికీ అవకాశం ఉంది.
- ఎన్‌ఎల్‌నెట్: తొలి గ్రాంట్లు సాధారణంగా 5 వేల నుంచి 50 వేల యూరోల వరకు. ఒక్కో మైల్‌స్టోన్ పూర్తయ్యాక డబ్బు ఇస్తారు.
- ఫ్లాస్ ఫండ్: ఏటా 10 లక్షల డాలర్లతో జెరోధా అనే బ్రోకరేజీ సంస్థ 2024లో ప్రకటించింది. ఇది ఇప్పటికే వాడుకలో ఉన్న ప్రాజెక్టులకు. కొత్తవారు అలాంటి ప్రాజెక్టులో చేరడం మేలు.

ఇలా మొదలుపెట్టండి

ఖరీదైన రౌటర్లు అక్కర్లేదు. మీ ల్యాప్‌టాప్‌లోనే రెండు నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లు సృష్టించి, వర్చువల్ ఈథర్‌నెట్ జతతో కలపండి. ఒక వైపు నెట్‌ఎమ్ అనే సాధనంతో 100 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టి పింగ్ చేయండి. టీసీపీడంప్‌లో ప్యాకెట్ల రాకపోకలు గమనించండి. కెర్నెల్ సోర్సులోని నెట్‌వర్కింగ్ సెల్ఫ్‌టెస్టులు చాలావరకు ఇలాంటి అమరికతోనే నడుస్తాయి. వాటిలో లేని ఒక సందర్భానికి పరీక్ష రాస్తే అదే మీ తొలి ప్యాచ్ (కెర్నెల్‌కు పంపే కోడ్ మార్పు) కావచ్చు.

ప్యాచ్ పంపే ముందు దాన్ని తనిఖీ చేసే చెక్‌ప్యాచ్ స్క్రిప్టు నడపండి. కొత్త ఫీచర్ అయితే నెట్-నెక్స్ట్ అనే కోడ్ ట్రీకి, తప్పు సవరణ అయితే నెట్ ట్రీకి పంపుతున్నట్టు ఈమెయిల్ సబ్జెక్టులో రాయండి. ఫంక్షన్‌లో వేరియబుల్ డిక్లరేషన్లను పొడవైన వరుస పైన, పొట్టిది కింద వచ్చేలా పేర్చడం ఇక్కడి ఆనవాయితీ. సవరించిన ప్యాచ్‌ను 24 గంటలు గడవకుండా మళ్లీ పంపకండి. రెండో వెర్షన్‌లో ఏం మార్చారో స్పష్టంగా రాయండి.

గ్రాంట్ జీతం కాదు. పీఎఫ్, ఆరోగ్య బీమా ఉండవు. కాబట్టి చదువుతోనో ఉద్యోగంతోనో పాటే మొదలుపెట్టండి. చేరిన ప్రతి ప్యాచ్ మీ పేరుతో కెర్నెల్ చరిత్రలో ఉండిపోతుంది. రేపు గ్రాంట్ అడిగినా, కెర్నెల్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లినా మీ తరఫున మాట్లాడేది అదే. ఈ సెమిస్టర్‌లోనే ఒక్క పరీక్ష రాసి పంపండి.