మడమొక్కను విత్తునుండి పెంచుట

విద్యార్థులారా! జార్జిటౌనులో నివసించు మనకు సముద్రము క్రొత్త కాదు. ఇక్కడినుండి తీరము వెంట ఉత్తరముగా పోయినచో ఎన్నూరు వద్ద కుశస్థలీనది కడలిలో కలియుచున్నది. అచటి ఉప్పుబురదలో ఏడాది పొడుగునను పచ్చగానుండు పొదలు కలవు. వానిని తెలుగున మడలందురు. కాకినాడ చెంతనున్న కోరంగి మడ అడవి 1978లో అభయారణ్యమైనది. తమిళమున మడను అలైయాత్తి యందురు. అలలను శాంతింపజేయునదని అర్థము. రెండు పేర్లును మనకు తెలిసియుండవలెను.

సాధారణముగా విత్తు నేలబడిన పిదప మొలకెత్తును. తెల్లమడ అట్లు కాదు. కాయ చెట్టుననుండగనే లోపల మొలక సిద్ధమగును. ఉప్పుబురదలో గాలి తక్కువ. పోటునీరు విత్తును కొట్టుకొనిపోవును. కావున తల్లిచెట్టే బిడ్డను కొంత పెంచి పంపుచున్నది. ఈ విత్తును ఎండబెట్టి దాచరాదు, ఎండినచో చచ్చును.

పెంచు విధమిది. అటవీశాఖవారి అనుమతి పొంది, తాకగానే రాలు పండిన కాయలను ఏరవలెను. పురుగు తొలిచినవానిని పారవేయవలెను. మిగిలినవానిని ఉప్పుటేటి నీటిలో నానవేసినచో ఒకటి రెండు దినములలో పైపొర ఊడిపోవును. ఏటిబురద నింపిన సంచిలో వేరుకొనను క్రిందికి పెట్టి, కొంతభాగము మాత్రమే దిగునట్లు నాటవలెను. లోతుగా పూడ్చినచో క్రుళ్లును. తొలిదినములలో నీడ, ప్రతిదినము తడి అవసరము. కొన్ని నెలలకు మొక్కను ఎండకు అలవాటుచేసి, ఆటుపోట్లు వచ్చిపోవు చోట నాటవలెను.

స్థలమే ముఖ్యము. నీరు నిలిచి ఆవిరియైనచో ఉప్పు పేరుకొని మొక్క చచ్చును. చెన్నపట్టణములోని ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధనసంస్థవారు పిచ్చావరమునను, గోదావరీ కృష్ణా ముఖములందును చేపయెముకవలె కాలువలు త్రవ్వించి, పోటునీటిని లోనికి రప్పించి, క్షీణించిన అడవిని మరల పెంచిరి.

మడకు బురదపైకి లేచు ఊపిరివేళ్లుండును. 2023 డిసెంబరు తుపానువరదలో ఎన్నూరు ఏటిలో నూనె చేరి మడలకు అంటుకొనినది. నూనె పట్టిన వేరు గాలి పీల్చజాలదు. 2004 డిసెంబరు 26నాటి సునామీలో పిచ్చావరము మడల వెనుకనున్న పల్లెలకు నష్టము తక్కువగా కలిగెను. మడ చచ్చినచో, దాని వెనుకనున్న ఇండ్లకు ఆ కాపు పోవును.

తల్లిదండ్రులకు మా మనవి: సెలవుదినమున పిల్లలను ఏటియొడ్డునకు తీసికొనిపొండు. తెల్లమడ ఆకును నాలుకకు తాకించి చూడనిండు. ఉప్పును ఆకులద్వారా వెలికిపంపు ఆ విద్య పుస్తకమునకన్న అక్కడనే త్వరగా బోధపడును.