అమ్మమ్మకు ఆట నేర్పుదాం

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ: వ్యాసం. ఒక విషయాన్ని స్వీకరించి, దాని పూర్వాపరాలను పరిశీలించి, గుణదోషాలను తూచి, పాఠకులను ఆలోచింపజేసే గద్య రచనను వ్యాసం అంటారు. ఇంట్లోని వయోవృద్ధులకు వీడియో గేమ్‌ను మొదటిసారి పరిచయం చేయడమనే చిన్న విషయాన్ని ఆధారంగా చేసుకొని, తరాల మధ్య పెరుగుతున్న ఎడాన్ని, దాన్ని తగ్గించుకొనే తీరును వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఒకే కప్పు కింద మూడు తరాలు నివసించే ఇళ్ళు నేటికీ మన పల్లెల్లోను, పట్టణాల్లోను ఉన్నాయి. అయితే ఒకే ఇంట్లో ఉండడం వేరు, ఒకే లోకంలో ఉండడం వేరు. సాయంకాలం కాగానే మనవడు సెల్‌ఫోను పట్టుకొని ఒక మూల కూర్చుంటాడు. తాతయ్య వార్తాపత్రికతో మరొక మూల కూర్చుంటాడు. “వాడు ఆ ఫోనులో గంటల తరబడి ఏం చేస్తుంటాడో నాకు తెలియదు” అన్నది నేడు ఎందరో పెద్దల నోట వినిపించే మాట. ఆ మాటలో ఫిర్యాదు కంటె దూరమైపోతున్నామన్న బాధే ఎక్కువ. మనవడు ఆ ఫోనును తాతయ్య వైపు తిప్పి, “ఇదిగో, నేను ఆడే ఆట ఇది” అని చూపిన నాడు ఆ మూలల మధ్య ఒక తలుపు తెరుచుకొంటుంది.

మన పెద్దలు ఆటలెరుగనివారు కారు. అయ్యలరాజు నారాయణామాత్యుని ‘హంసవింశతి’ కావ్యాన్ని తిరగవేస్తే, ఆనాటి తెలుగు పిల్లలు ఆడుకొన్న ఆటల పేర్లు ఎన్నో కనిపిస్తాయి. కొన్ని దశాబ్దాల కిందటి వరకు ఆలయ మండపాల రాతిబండల మీద, అరుగుల మీద పులిజూదం గీతలు చెక్కి ఉండేవి. కొన్నిచోట్ల నేటికీ ఉన్నాయి. ప్రసిద్ధమైన ఒక పద్ధతిలో ఆ ఆటకు 3 పులులు, 15 మేకలు. బలవంతుడైన పులిని, బలహీనమైన మేకలు ఐకమత్యంతో కదలకుండా కట్టివేయడమే అందులోని చమత్కారం. వామనగుంటల పీటకు వరుసకు 7 చొప్పున 14 గుంటలు. చింతగింజలు పంచుతూ, ఎదుటివారి గుంటలో ఎన్ని ఉన్నాయో చూపుతోనే లెక్కగట్టే అమ్మమ్మలకు ఏ గణిత పాఠశాలా ఆ విద్య నేర్పలేదు. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిల పడితే చెమ్మ, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే 8. ఎత్తు, పైయెత్తు, ఓపిక, జ్ఞాపకశక్తి – వీడియో గేమ్ కోరే ఈ గుణాలన్నీ మన పెద్దలు ఏనాడో సాధన చేసినవే. వారికి కొత్తది తెర మాత్రమే, ఆట కాదు.

ఆ తెర కూడా నిన్న మొన్నటిది కాదు. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బాతమ్ అనే భౌతిక శాస్త్రవేత్త, ప్రయోగశాల చూడవచ్చే సందర్శకులకు విసుగు కలగకుండా ఆసిలోస్కోపు తెర మీద టెన్నిస్ వంటి ఒక ఆటను ఏర్పాటు చేశాడు. 1972లో అటారీ సంస్థ తెచ్చిన ‘పాంగ్’ ఈ ఆటలను వ్యాపారంగా నిలబెట్టింది. 1984లో మాస్కోలో అలెక్సీ పాజిత్నోవ్ ‘టెట్రిస్’ను రూపొందించాడు. 1997లో నోకియా ఫోనులోకి ప్రవేశించిన పాము ఆట, ఆట అంటే పెదవి విరిచే ఉద్యోగుల చేత కూడా బస్టాపుల్లో మీటలు నొక్కించింది. 2006లో నింటెండో సంస్థ ‘వీ’ అనే యంత్రాన్ని విడుదల చేసింది. చేతిలోని పరికరాన్ని నిజంగా బంతి విసిరినట్లు ఊపితే తెర మీద బంతి దొర్లుతుంది. మీటల గందరగోళం లేనందువల్ల అమెరికాలోని అనేక వృద్ధాశ్రమాల్లో ఆ ఆటకు ఆదరణ లభించింది. అంటే, పెద్దలు ఆటకు దూరం కాలేదు; ఆటే వారికి అందనంత దూరంలో ఉండేదని దీనివల్ల తెలుస్తున్నది. 1930లో జన్మించిన హమాకో మోరి అనే జపాను మహిళ యాభై ఏళ్ళు దాటిన తరువాత వీడియో గేమ్‌లు మొదలుపెట్టి, 2020లో అత్యధిక వయస్సుగల వీడియో గేమ్ యూట్యూబర్‌గా గిన్నిస్ గుర్తింపు పొందింది.

అయినా మన పెద్దలు తొలిసారి ఎందుకు వద్దంటారు? కారణాలు మూడు. మొదటిది సంస్కారానికి సంబంధించినది. సభాపర్వంలో ధర్మరాజు పాచికలాడి రాజ్యాన్ని, తమ్ములను, తనను, చివరకు ద్రౌపదిని పణంగా ఒడ్డిన కథ వింటూ పెరిగిన తరం అది. నలమహారాజు కథా వారికి తెలుసు. పల్నాటి వీరుల చరిత్రలో కోడిపందెం తెచ్చిన చేటూ తెలుసు. కనుక ‘ఆటకు బానిస కావడం’ అనే భయం వారికి అజ్ఞానం వల్ల కలిగినది కాదు, అనుభవం వల్ల కలిగినది. రెండవది శరీరానికి సంబంధించినది. చిన్న అక్షరాలు కనిపించవు. వేళ్ళు చురుకుగా కదలవు. మూడవది, అన్నిటికంటె బలమైనది – అభిమానం. జీవితమంతా ఇతరులకు నేర్పిన మనిషి, మనవల ముందు చేతకానివాడిగా నిలబడటానికి జంకుతాడు. ‘నాకెందుకురా ఇవన్నీ’ అనే మాట వెనుక చాలాసార్లు దాగి ఉండేది ఈ జంకే.

ఈ మూడింటినీ గుర్తెరిగి నేర్పడంలోనే నేర్పు ఉన్నది. ఒక మనవరాలు తన అమ్మమ్మకు ‘సూపర్ మారియో’ ఆటను తొలిసారి చూపుతున్నదని ఊహించుకొందాం. 1985లో వెలువడిన ఈ ఆటలో, మీసాలున్న ఒక చిన్నబొమ్మ గోతులు దాటుతూ, శత్రువులను తప్పించుకొంటూ పరుగెత్తుతుంది.

“అమ్మమ్మా! ఈ మీట నొక్కితే నడుస్తాడు. ఇది నొక్కితే గెంతుతాడు.”

“ఎక్కడికే వీడి ప్రయాణం?”

“కోటలో బందీగా ఉన్న రాజకుమార్తెను విడిపించడానికి.”

“అయితే రామాయణమే అన్నమాట! మరి ఒంటరిగా పోతున్నాడేం? తోడెవరూ లేరా?”

“తమ్ముడున్నాడు. ఇద్దరం వంతులవారీగా ఆడితే అన్న నీకు, తమ్ముడు నాకు.”

“లక్ష్మణుడు కూడా ఉన్నాడా! సరే, నడిపించు... అయ్యో, గోతిలో పడ్డాడే! చంపేశానా?”

“ఫరవాలేదు అమ్మమ్మా. వీడికి మూడు ప్రాణాలు. ఇంకా రెండున్నాయి. నూరు నాణేలు పోగుచేస్తే ఇంకొక ప్రాణం కూడా వస్తుంది.”

“డబ్బుతో ప్రాణం వస్తుందా? మీ తాతయ్య ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆ దుకాణం ఎక్కడుందో తెలియలేదు తల్లీ.”

మనవరాలు మాట్లాడలేకపోయింది. అమ్మమ్మే మళ్ళీ అందుకొన్నది: “పోనీలే. ఇదీ వైకుంఠపాళి వంటిదే. పాము మింగితే కిందికి దిగి, మళ్ళీ నిచ్చెన వెదుక్కోవాలి. ఆడనీ.”

రెండవసారి కూడా బొమ్మ ఆ గోతిలోనే పడింది. మూడవసారి మనవరాలు ఆత్రంగా చేయి చాచి, “ఇటివ్వు అమ్మమ్మా, నేను దాటిస్తాను” అన్నది.

“వద్దే. నువ్వు నడక నేర్చుకొనేటప్పుడు పడ్డావని, నీ బదులు నేను నడిచానా? నా గోయి నన్నే దాటనీ.”

ఈ చివరి మాటలోనే నేర్పేవారు తెలుసుకోవలసిన ధర్మం ఉన్నది. పెద్దల చేతిలోని పరికరాన్ని లాక్కోవడం తొందర వల్ల జరిగే పనే కావచ్చును. కాని అది ‘నీ వల్ల కాదు’ అని మాటలు లేకుండా చెప్పడమే అవుతుంది. పడనివ్వాలి; పక్కన కూర్చోవాలి; అడిగినప్పుడే చెప్పాలి. కావాలని ఓడిపోయి వారిని గెలిపించడం కూడా తగదు. పులిజూదంలో పండిన మనిషి ఎదుటివారి దొంగ ఓటమిని ఇట్టే పసిగడతాడు.

మరొక అంశం కూడా గమనింపదగినది. మనవరాలికి ఆ తెర మీద దాటవలసిన గోయి మాత్రమే కనిపిస్తే, అమ్మమ్మకు ప్రయాణికుడు, అతని ప్రయాణ కారణం, తోడులేని ఒంటరితనం కనిపించాయి. ఆటలోని వేగం యువతరానిది. కథను పట్టుకొనే చూపు పెద్దలది. కనుక నేర్పడానికి కూర్చున్నవారు తమకు తెలియకుండానే కొంత నేర్చుకొని లేస్తారు.

నేర్పే క్రమాన్ని గురించి కొన్ని సూచనలు చేయవచ్చును. తెలిసిన దాని నుండి తెలియని దానికి పోవడం బోధన సూత్రాల్లో ముఖ్యమైనది. కాబట్టి చదరంగం, అష్టాచెమ్మా, పులిజూదం వంటి పరిచితమైన ఆటలను మొదట తెర మీద చూపాలి. పరుగు పందేల వంటి వేగం గల ఆటలు తరువాతి మాట. అక్షరాలు పెద్దవిగా, శబ్దం మితంగా, వెలుతురు చాలినంతగా ఉండాలి. ఎదురుగా కాక పక్కనే కూర్చుంటే ఇద్దరికీ కుడి ఎడమలు ఒక్కటే అవుతాయి. ఆంగ్ల పదాలను కుప్పపోయకుండా ‘మీట’, ‘ప్రాణం’, ‘వంతు’ వంటి మాటలతో చెబితే సగం బెరుకు తొలగిపోతుంది. మొదటిరోజుకు పావుగంట చాలు. ‘ఇంకొక్కసారి’ అని వారే అడిగే వేళకు ఆపగలిగితే మరునాటి పాఠానికి వారే పిలుస్తారు.

చిన్నవారు పెద్దవారికి బోధించడం మర్యాదకు భంగమేమోనని శంకింపనక్కరలేదు. భాగవత తృతీయ స్కంధంలో కపిలుడు తన తల్లి దేవహూతికి తత్త్వాన్ని ఉపదేశించాడు. అక్కడ తల్లి శిష్యురాలైనా తల్లిగానే నిలిచింది. కుమారుడు గురువైనా కుమారుడుగానే మెలగినాడు. విద్య ఎటునుండి ఎటు ప్రవహించినా వినయం తగ్గకూడదన్నదే ఆ ఘట్టం నుండి మనం గ్రహించవలసినది.

ఇక ప్రయోజనాల మాట. 2013లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన ఒక పరిశోధన, 60 నుండి 85 ఏళ్ళ వారు ప్రత్యేకంగా రూపొందించిన ఒక కారు ఆటను సుమారు నెలరోజులు అభ్యసించగా, ఒకేసారి రెండు పనులపై ఏకాగ్రత నిలిపే శక్తి వారిలో పెరిగినదని తెలిపింది. అయితే, మెదడు ఆటలు మతిమరుపును మాన్పుతాయని కొన్ని వ్యాపార సంస్థలు చేసే ప్రచారానికి తగిన ఆధారాలు లేవని 2014లో పలువురు శాస్త్రవేత్తలు ఉమ్మడిగా హెచ్చరించారు. కాబట్టి ఆటను మందుగా భావించరాదు. కలిసి గడిపే కాలమే దానివల్ల కలిగే నిశ్చితమైన లాభం.

జాగ్రత్తలు కూడా అంత ముఖ్యమైనవే. పెద్దల ఫోనులో పింఛను జమ అయ్యే బ్యాంకు ఖాతా ముడిపడి ఉంటుంది. ఆట మధ్యలో మెరిసే ప్రకటన మీద వేలు పడితే ఏమవుతుందో వారికి ముందే చెప్పాలి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు మన పెద్దలు భయపడిన జూదానికి మారురూపాలే. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను వీటిని నిషేధిస్తూ తమ చట్టాలను సవరించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. ధర్మరాజు కథ చెప్పి అమ్మమ్మ ఎవరిని హెచ్చరించదలచినదో ఈ చట్టాలూ వారినే హెచ్చరిస్తున్నాయి. ఆట అదుపు తప్పి చదువును, పనిని, నిద్రను మింగివేసే స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. ఆ వర్గీకరణ 2022 నుండి అమలులోకి వచ్చింది. వయస్సుతో నిమిత్తం లేకుండా ఈ నియమం అందరికీ వర్తిస్తుంది.

విద్యార్థులారా! ఈ వారం మీ ఇంట్లో ఒక పెద్దవారిని మీ ఆటకు పిలవండి. ఆ ఆట ముగిసిన తరువాత వారి చిన్ననాటి ఆట ఒకదాన్ని మీకు నేర్పమని అడగండి. గుప్పెడు చింతగింజలు తెచ్చి ముందు పెట్టండి. ఎవరు ఎవరికంటె వేగంగా లెక్కపెడతారో అప్పుడు తెలుస్తుంది.

కఠిన పదాలు – అర్థాలు

ఎడం = దూరం, వ్యత్యాసం
పూర్వాపరాలు = ముందువెనుకలు
పణం = పందెంగా పెట్టిన వస్తువు
ఒడ్డు = పందెంగా పెట్టు
జంకు = సంకోచం, వెనుకంజ
గోయి = గొయ్యి
పరిచితం = ముందే తెలిసినది
నిశ్చితం = సందేహం లేనిది

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పెద్దలు వీడియో గేమ్‌ను తొలిసారి నిరాకరించడానికి గల కారణాలను వివరించండి.
2. పెద్దలకు కొత్త ఆటను నేర్పే క్రమంలో పాటింపవలసిన పద్ధతులను, తీసుకోవలసిన జాగ్రత్తలను తెలపండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. తెలుగువారి సంప్రదాయ ఆటలు ఏయే నైపుణ్యాలను పెంపొందించాయి?
2. కపిల దేవహూతుల ప్రస్తావన ద్వారా రచయిత ఏమి చెప్పదలచినాడు?
3. వీడియో గేమ్‌ల పరిణామాన్ని సంగ్రహంగా రాయండి.

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. “నా గోయి నన్నే దాటనీ.”
2. “డబ్బుతో ప్రాణం వస్తుందా?”
3. “వారికి కొత్తది తెర మాత్రమే, ఆట కాదు.”

వ్యాకరణాంశాలు

సంధులు
వయోవృద్ధులు = వయః + వృద్ధులు – విసర్గ సంధి
పూర్వాపరాలు = పూర్వ + అపరాలు – సవర్ణదీర్ఘ సంధి
తాతయ్య = తాత + అయ్య – అత్వ సంధి

సమాసాలు
చింతగింజలు – చింత యొక్క గింజలు – షష్ఠీ తత్పురుష సమాసం
చిన్నబొమ్మ – చిన్నదైన బొమ్మ – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
మూడు ప్రాణాలు – మూడు సంఖ్యగల ప్రాణాలు – ద్విగు సమాసం
గుణదోషాలు – గుణమును, దోషమును – ద్వంద్వ సమాసం

అభ్యాసం: మీ ఇంటి పెద్దలు చిన్ననాట ఆడిన ఒక ఆటను గురించి అడిగి తెలుసుకొని, దాని నియమాలను పది వాక్యాలలో రాయండి.