షార్ట్‌వేవ్‌లో అక్షరం తప్పకుండా చేరాలంటే...

2004 డిసెంబర్ 26న సునామీ వచ్చి అండమాన్‌లో ఫోన్లు మూగబోయాయి. అప్పటికే హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున శ్రీమతి భారతీ ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. వారి హామ్ రేడియో ద్వారా ఎందరి క్షేమ సమాచారమో బయటకు తెలిసింది. మన సికింద్రాబాద్‌కు అది 1,600 కిలోమీటర్లకు పైగా దూరం!

3 నుంచి 30 మెగాహెర్ట్జ్ తరంగాలను ఆకాశంలోని ఐనోస్ఫియర్ వంచి తిరిగి నేలకు పంపుతుంది. మాట గరగరలాడినా చెవి సర్దుకుంటుంది. అంకెలు పంపితే మాత్రం ఒక్క బిట్ తప్పినా 10 మంది క్షతగాత్రులు 90 మంది కావచ్చు.

తప్పెందుకు వస్తుంది? ఒకే సంకేతం ఒక గంతులోనూ, రెండు గంతుల్లోనూ వస్తుంది. రెండో దారి 300 కిలోమీటర్లు ఎక్కువైతే ఒక మిల్లీసెకను ఆలస్యం. ముందు బిట్ తోక వెనుక బిట్ మీద పడుతుంది.

మేము తెలుసుకున్న ఉపాయాలు:

1. పగలు 14, రాత్రి 7 మెగాహెర్ట్జ్‌లా వేళకు తగిన ఫ్రీక్వెన్సీ ఎంచుకోవాలి.

2. బిట్‌ను సాగదీయాలి. పీఎస్‌కే 31 పద్ధతిలో ఒక్కో బిట్ 32 మిల్లీసెకన్లు. ఒక మిల్లీసెకను ఆలస్యం దానికి లెక్కలోది కాదు. వేగం కావాలంటే ఇలాంటి నెమ్మది వరుసలు అనేకం పక్కపక్కనే పంపాలి.

3. సరిచూసే బిట్లు చేర్చి, అన్నిటినీ పేకముక్కల్లా కలిపి పంపాలి. సంకేతం ఒక్క క్షణం మాసిపోయినా నష్టం చెల్లాచెదురై, పూడ్చుకోగలం.

4. అప్పటికీ తప్పిన ముక్కను మాత్రమే మళ్లీ అడగాలి.

హామ్ లైసెన్స్‌కు పరీక్ష ఉంది. మన హాస్టల్ నుంచి ఒక్కరైనా రాయాలి. తుఫానుకు టవర్లు కూలిన రాత్రి ఆ ఒక్కరే ఊరికి దిక్కు కావచ్చు.