ఆల్బట్రాస్ జంటలు

దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రమున ఫాక్‌లాండ్ దీవులు కలవు. వానికి పడమటి అంచున న్యూ ఐలండ్ అను చిన్న దీవి యున్నది. ప్రతి సంవత్సరము సెప్టెంబరు మాసమున ఆ దీవి కొండచరియలపై వేలకొలది ఆల్బట్రాస్ పక్షులు వచ్చి వ్రాలును. మనకది వర్షకాలమైనను, భూగోళపు దక్షిణార్ధమున అదియే వసంతారంభము.

ఈ పక్షి మేను తెలుపు, రెక్కలు నలుపు. కంటిమీదుగా సాగిన నల్లని చార కనుబొమవలె తోచుటచే దీనిని నల్లకనుబొమల ఆల్బట్రాస్ అందురు. రెక్కలు చాచినచో ఈ కొననుండి ఆ కొనకు 2 మీటర్లకు పైగా నుండును. గాలి పోకడను కనిపెట్టి, రెక్క యాడింపకయే ఇది సముద్రముపై చాలదూరము సాగిపోగలదు.

ఒకసారి జతకట్టిన పిమ్మట ఆల్బట్రాస్ సాధారణముగా తన తోడును విడువదు. పిల్ల యెగిరిపోయిన తరువాత తల్లిదండ్రులు మాసముల తరబడి సముద్రముమీదనే గడపి, మరల వసంతమున పాతగూటికి చేరుకొనును. బురదతోను గడ్డితోను కట్టిన ఆ గూడు పొట్టి స్తంభమువలె నుండును. ముక్కులు రాచుకొని, తోకలు విప్పి, వింతకూతలు కూసి అవి తిరిగి చెలిమి చేసికొనును. పెట్టునది ఒకే గ్రుడ్డు. దానిని సుమారు 70 దినములు వంతులవారీగా పొదుగవలెను. ఒకటి గూటిపై నుండగా రెండవది మేతకై సముద్రమునకు పోవును. అది వచ్చువరకు మొదటిది ఆకలితో కూర్చుండవలసినదే. పిల్లకు రెక్కలు వచ్చుటకు మరి నాలుగు మాసములు పట్టును. ఒంటరి పక్షికి ఇది సాధ్యమగు పని కాదు.

గ్రుడ్డు చెడినను, పిల్ల చచ్చినను, కొన్ని జంటలు మరుసటి యేట విడిపోవుట కలదు. రెండు పక్షులును జీవించియుండగనే ఒకటి వేరొక తోడును చేరినచో శాస్త్రజ్ఞులు దానిని ‘విడాకులు’ అందురు. మనుష్యుల న్యాయస్థానపు మాటను పక్షులకు తగిలించుట కొంత వింతయే గాని, ఆ పేరు స్థిరపడినది.

పరిశోధకులు ఈ దీవిలోని పక్షుల కాళ్ళకు గుర్తుకడియములు తొడిగి, ఏ పక్షి దేనితో కాపురముండెనో యేటేట వ్రాసికొనిరి. ఆ లెక్కల ఫలితము 2021లో వెలువడినది. విడిపోయిన జంటలు ఒక యేట నూటికి 1 మాత్రమే కాగా, వేరొక యేట 8 వరకు పెరిగినవి. సముద్రజలము మామూలుకంటె వెచ్చనైన సంవత్సరములలోనే ఈ సంఖ్య హెచ్చెను. అంతకంటె ఆశ్చర్యకరమైన విషయ మొకటి కలదు. ముందటి యేడు పిల్లను చక్కగా పెంచిన ఆడుపక్షులు సైతము అట్టి సంవత్సరములలో తోడును మార్చుకొనెను.

నీటి వేడిమికిని కాపురమునకును సంబంధ మేమి? పైనీరు వెచ్చనైనచో అడుగున నున్న చల్లని నీరు, దానితోడి పోషకద్రవ్యములు పైకి రావు. సూక్ష్మజీవులు తగ్గును, వానిని తిను చేపలును తగ్గును. అపుడు పక్షి మేతకై మరింత దూరము పోవలెను. అలసిన పక్షి గూటికి ఆలస్యముగా చేరవచ్చును. అంతలో దాని తోడు వేరొకదానితో జతకట్టవచ్చును. ఆకలిబాధకు తోడే కారణమని పక్షి పొరబడుచుండవచ్చునని మరియొక ఊహ. ఇది వినుటకు ఇంపుగా నున్నను, ఇంకను రుజువు కాలేదు.

క్రొత్త తోడును వెదకుటకు కాలము పట్టును. ఆ యేడు గ్రుడ్డు లేకుండనే గడచిపోవుటయు కలదు. న్యూ ఐలండ్‌లో ఈ పక్షులు విస్తారముగా నుండుటచే ఆ నష్టము అంతగా కానరాదు. కాని తూర్పున నున్న దక్షిణ జార్జియా దీవిలో ఈ జాతియే యేండ్ల తరబడి తగ్గుచున్నది. గాలముల త్రాళ్లకు చిక్కి చచ్చుట దానికొక ముఖ్యకారణము. అట్టిచోట గ్రుడ్డు లేని గూడు ఒక్కటి హెచ్చినను లెక్కకు వచ్చును.