షట్టరు బరువు మోసేదెవరు?

పొద్దున్నే నంద్యాల బజారులో నడిచారంటే గరగరమని ఒక చప్పుడు వరసగా వినిపిస్తుంది. దుకాణాల ఇనుప షట్టర్లు ఒకదాని తరువాత ఒకటి పైకి లేస్తుంటాయి. అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆళ్లగడ్డలోనూ ఇదే చప్పుడు. ఇప్పుడు షట్టరు దుకాణాలకే పరిమితం కాలేదు. వీధివైపు గదికి షట్టరు పెట్టించి, అందులో కారో, స్కూటరో, ధాన్యం బస్తాలో ఉంచుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. మీ ఇంట్లోనూ ఉందేమో!

సన్నగా ఉండే పెద్దాయన కూడా ఆ షట్టరును ఒక ఊపులో పైకి ఎత్తేస్తారు. అది తేలిక వస్తువేనా? లెక్క వేసి చూద్దాం.

బరువు ఎంత?

షట్టరు వెడల్పు 3 మీటర్లు, ఎత్తు 2.5 మీటర్లు అనుకోండి. వైశాల్యం 7.5 చదరపు మీటర్లు. ఒక మిల్లీమీటరు మందం, ఒక చదరపు మీటరు వైశాల్యం ఉన్న ఉక్కు రేకు 7.85 కిలోలు తూగుతుంది. కాబట్టి మన షట్టరు సాదా రేకుగా ఉన్నా దాదాపు 59 కిలోలు. నిజానికి అది ఒకదానిలో ఒకటి చిక్కుకున్న వంపు పట్టీల వరస. ఆ వంపులు, కింది ప్లేటు కలిస్తే బరువు ఇంకా పెరుగుతుంది. మనం 60 కిలోలని తీసుకుందాం. ఒక పెద్దమనిషి బరువన్నమాట!

ఇంత బరువును ఒక చేత్తో ఎత్తుతున్నామంటే, మనతో పాటు మరెవరో మోస్తున్నారనే అర్థం. ఆ 'మరెవరో' పైన చుట్టలో దాక్కున్న స్ప్రింగులు.

స్ప్రింగు చేసే సాయం

గుమ్మం పైన అడ్డంగా ఒక గొట్టం ఉంటుంది. దీన్ని షాఫ్టు అంటారు. పట్టీలు దీనికే చుట్టుకుంటాయి. స్ప్రింగులు కూడా దీనికే బిగించి ఉంటాయి. షట్టరును కిందికి లాగినకొద్దీ స్ప్రింగులు మెలితిరిగి బిగుసుకుంటాయి. స్ప్రింగును ఎంత సాగదీస్తే, లేదా ఎంత మెలితిప్పితే, అంత బలంతో అది ఎదురు తిరుగుతుంది. ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ హుక్ 1678లో వివరించిన సూత్రం ఇదే.

ఇక్కడొక చక్కని పొందిక ఉంది. షట్టరు కిందికి దిగేకొద్దీ వేలాడే పట్టీలు ఎక్కువవుతాయి, బరువు పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే స్ప్రింగు బిగువు కూడా పెరుగుతుంది. పైకి లేచేకొద్దీ వేలాడే బరువు తగ్గుతుంది, బిగువూ తగ్గుతుంది. రెండూ తక్కెడలో సిబ్బెల్లాగా సరితూగుతాయి. మన చేయి గెలవవలసింది రాపిడిని మాత్రమే.

బిగుసుకున్న స్ప్రింగులో ఎంత శక్తి ఉంటుంది? షట్టరు పూర్తిగా లేచినప్పుడు దాని బరువు సగటున 1.25 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. 60 × 9.8 × 1.25 = 735 జౌళ్లు. ఐదు కిలోల గుండును 15 మీటర్ల ఎత్తుకు, అంటే నాలుగైదు అంతస్తుల మేడ మీదికి, చేర్చడానికి చాలినంత శక్తి ఇది. షట్టరు మూసి ఉన్నప్పుడు అన్నీ నిద్రపోతున్నట్టు కనిపిస్తుంది. కాని స్ప్రింగు అత్యధికంగా బిగిసి ఉండేది ఆ సమయంలోనే! అందుకే స్ప్రింగును విప్పడం, బిగించడం పనిముట్లున్న షట్టరు మెకానిక్కు చేయవలసిన పని. ఇంట్లో పెద్దవాళ్లు కూడా ప్రయత్నించకూడదు.

దుమ్ముకు నూనె తోడైతే

షట్టరు రెండు అంచులూ గోడలకు బిగించిన గాడుల్లో జారుతాయి. గరగర ఎక్కువైతే చాలామంది ఈ గాడుల నిండా గ్రీజు పూస్తారు. రెండు రోజులు బాగానే ఉంటుంది. తరువాత మొదటికంటే గట్టిగా పట్టేస్తుంది. ఎందుకు?

గ్రీజు జిగురుగా ఉంటుంది. వీధిలోంచి వచ్చిన ప్రతి రేణువునూ పట్టి ఉంచుతుంది. ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు పేరుపొందిన ఊరు. శిల్పాలు చెక్కేచోట రాతిపొడి లేస్తుంది. రాతిపొడిలో క్వార్ట్జ్ రేణువులుంటే అవి మామూలు ఉక్కుకంటే గట్టివి. గ్రీజులో కలిసిన ఆ పొడి ఉక్కును అరగదీసే ముద్దగా మారుతుంది. నంద్యాల పొలాల మట్టి ఇంత గట్టిది కాకపోయినా గాడిని పూడ్చడానికి చాలు.

కాబట్టి గాడులను ముందు పొడి బ్రష్షుతో, తరువాత గుడ్డతో తుడవాలి. ఆపైన పల్చని యంత్రపు నూనెలో తడిపి పిండిన గుడ్డతో ఒకసారి రాస్తే చాలు. గ్రీజు కావలసింది షాఫ్టు తిరిగే చోట. వేరుశనగ, పొద్దుతిరుగుడు వంటి వంటనూనెలు మాత్రం వద్దు. అవి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కొన్నాళ్లకు బంకగా మారతాయి. తాళపు రంధ్రంలో పెన్సిలు ముక్కు గీకిన పొడి కొద్దిగా వేయండి. అందులోని గ్రాఫైటు పొరలు ఒకదానిమీద ఒకటి జారతాయి. దుమ్మూ అంటదు.

ఎండ, వాన, నేల

వేసవిలో నంద్యాల ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఎండ నేరుగా తగిలే రేకు అంతకంటే ఎక్కువ వేడెక్కుతుంది. చలికాలపు తెల్లవారుజామున 15 డిగ్రీలున్న పట్టీ వేసవి మధ్యాహ్నం 65 డిగ్రీలకు చేరిందనుకోండి. 3 మీటర్ల ఉక్కు పట్టీ సుమారు 1.8 మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే గాడిలో కొంత ఖాళీ ఉండాలి. ఆ ఖాళీని దుమ్ము నింపేస్తే మధ్యాహ్నం షట్టరు మొరాయిస్తుంది.

వానాకాలంలో కింది ప్లేటు నీళ్లలో నానుతుంది. నీరూ ఆక్సిజనూ కలిసి ఇనుమును తుప్పుగా మారుస్తాయి. తుప్పు తాను తిన్న ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పట్టీల కీళ్లలో చేరితే అవి కదలవు. జింకు పూత ఉన్న రేకులో ముందు జింకు తాను క్షయించి ఇనుమును కాపాడుతుంది. పూత పోయినచోట వానలకు ముందే తుప్పు గీకించి, తుప్పునాపే రంగు వేయించాలి.

మూడో సంగతి నేల. కుందూ నదికి ఇరువైపులా నల్లరేగడి ఎక్కువ. ఇది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి బీటలు వారుతుంది. పునాది సరిగా లేని గోడ ఏటా కొద్దికొద్దిగా కదులుతుంది. గోడతోపాటు గాడీ ఒరుగుతుంది. అప్పుడు ఎంత నూనె రాసినా ప్రయోజనం లేదు. దారానికి చిన్న గుండు కట్టి గాడి పక్కన వేలాడదీయండి. పైనుంచి కిందిదాకా దారానికీ గాడికీ మధ్య దూరం ఒకేలా ఉంటే గాడి నిటారుగా ఉన్నట్టే. తేడా ఉంటే మేస్త్రీని పిలవాలి.

తూకం సరిగా ఉందా?

ఈ పరీక్షను పెద్దవాళ్లు చేయాలి, మీరు దూరంగా నిలబడి చూడండి. ముందు గాడులు శుభ్రం చేయాలి. లేకపోతే స్ప్రింగు చేయని పనిని రాపిడి చేసి మనల్ని మోసగిస్తుంది! తరువాత షట్టరును నడుము ఎత్తు దాకా లేపి, పాదాలు వెనక్కు పెట్టుకుని, మెల్లగా చేతులు సడలించాలి. ఉన్నచోటే నిలిస్తే తూకం బాగుంది. కిందికి జారిపోతే స్ప్రింగు బలహీనపడింది. తనంతట తానే పైకి పోతుంటే బిగువు ఎక్కువైంది. చివరి రెండింటిలో ఏదైనా మెకానిక్కును పిలవవలసిందే.

అమెరికాలో ఇళ్ల గ్యారేజి తలుపుల్లో ఎక్కువభాగం కూడా స్ప్రింగు సాయంతోనే లేస్తాయి. అక్కడ 1993 నుంచి తయారయ్యే ఇంటి మోటారు యంత్రాలకు ఒక నియమం ఉంది. దిగుతున్న తలుపుకు అడ్డం తగిలితే అది వెంటనే వెనక్కు లేవాలి. తలుపుల కింద చిక్కుకుని పిల్లలు చనిపోయిన తరువాత వచ్చిన నియమమిది. మన చేతి షట్టరుకు అలా ఆగే తెలివి లేదు. ఆ తెలివి మనకే ఉండాలి.

గుర్తుంచుకోండి

- కదులుతున్న షట్టరు కింద నుంచి దూరకూడదు. సగం తెరిచిన షట్టరు కింద కూర్చోకూడదు.
- పట్టీల మధ్య, గాడిలో వేళ్లు పెట్టకూడదు.
- పట్టేసిన షట్టరును బలవంతంగా లాగకూడదు. పట్టీలు వంగుతాయి.
- వారానికోసారి గాడుల అడుగు ఊడ్చాలి. నెలకోసారి గాడులు తుడిచి, తూకం చూడాలి.
- ఏడాదికోసారి, వానలకు ముందు, మెకానిక్కుతో షాఫ్టు, స్ప్రింగులు, పైబ్రాకెట్ల బోల్టులు చూపించాలి.

మీరే చేసి చూడండి

రెండు పాత డబ్బా మూతలు తీసుకోండి. ఒకదానికి గ్రీజు గాని, ముద్ద వాసలీను గాని పూయండి. రెండోదాన్ని పొడిగా ఉంచండి. రెండింటి మీదా చిటికెడు సన్నని ఇసుక చల్లి, మెల్లగా వంచండి. దేని మీది ఇసుక ముందు రాలింది? రాలని ఇసుకను వేలితో ముట్టుకుని చూడండి. గ్రీజు పూసిన గాడిలో జరిగేది మీకే తెలుస్తుంది.

ఇప్పుడొక లెక్క. మీ ఇంటి షట్టరు గాని, మీ వీధిలో ఒక దుకాణం షట్టరు గాని కొలిచి, రేకు మందం ఒక మిల్లీమీటరు అనుకుని దాని బరువు కట్టండి. వచ్చిన అంకెను ఇంట్లో అందరికీ చెప్పండి. అది తెలిసినవాళ్లు షట్టరు కింద నిలబడరు.