విదేశాలకు సొమ్ము: ఎల్‌ఆర్‌ఎస్, స్విఫ్ట్, రుసుములు
(పోటీ పరీక్షల ప్రత్యేకం)

అమెరికాలో చదివే పిల్లలకు ఫీజు పంపే తల్లిదండ్రులు బ్యాంకులో నింపే ఎ2 ఫారం వెనుక ఉన్నది విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా), 1999. దాని కింద రిజర్వు బ్యాంకు 2004 ఫిబ్రవరిలో సరళీకృత చెల్లింపుల పథకం (ఎల్‌ఆర్‌ఎస్) తెచ్చింది. అప్పటి పరిమితి 25,000 డాలర్లు. 2015 నుంచి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్లు. మైనర్లూ అర్హులే, కంపెనీలు, హిందూ అవిభక్త కుటుంబాలు కావు. లాటరీ టికెట్లకు పంపకూడదు.

సొమ్ము వెళ్లే దారిలో చాలామంది తడబడేది స్విఫ్ట్ దగ్గర. 1973లో ఏర్పడి, బెల్జియం కేంద్రంగా పనిచేసే ఈ సంస్థ డబ్బు పంపదు, సందేశాలే పంపుతుంది. సొమ్ము సర్దుబాటు బ్యాంకులు పరస్పరం నిర్వహించుకునే నోస్ట్రో ఖాతాల్లో జరుగుతుంది. దారిలోని మధ్యవర్తి బ్యాంకు తన రుసుము కోసుకుంటే అవతల తక్కువ జమవుతుంది. ఛార్జీలన్నీ పంపేవారే భరించే ‘అవర్’ పద్ధతి ఎంచుకుంటే సాధారణంగా ఈ కోత తప్పుతుంది. అయితే అసలు భారం మారకపు రేటులో కలిపేసే మార్జిన్‌దే. ‘జీరో ఫీజు’ ప్రకటనలను అందుకే అనుమానంగా చూడాలి.

మూలం వద్ద వసూలు చేసే పన్ను (టీసీఎస్) రుసుము కాదు, రిటర్నులో సర్దుబాటవుతుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఇది వర్తించని పరిమితి రూ.7 లక్షల నుంచి రూ.10 లక్షలకు పెరిగింది. నిర్దేశిత సంస్థల విద్యారుణంతో పంపే సొమ్ముకు టీసీఎస్ లేదు.

విదేశాలకు సొమ్ము పంపేందుకు మరో దారి కూడా ఉంది: సింగపూర్ చెల్లింపుల వ్యవస్థ ‘పేనౌ’తో మన యూపీఐ అనుసంధానం 2023 ఫిబ్రవరి 21న మొదలైంది.